ఐటీఐకీ షెడ్డుకీ మధ్య దారి వేయడం ఎలా

హైదరాబాద్ బాలానగర్‌లో గానీ జీడిమెట్లలో గానీ ఏ మెషిన్ షాపులో కూర్చున్నా పది నిమిషాల్లో వినిపించే మాట ఒకటే, "మనుషులు దొరకట్లేదండీ" అని. అదే రోజు మధ్యాహ్నం దగ్గర్లో ఉన్న ఐటీఐకి వెళ్తే అక్కడ ప్రిన్సిపాల్ గారు "మా పిల్లల్ని తీసుకునేవాళ్లే లేరండీ" అంటారు. రెండూ నిజమే. ఈ రెండు మాటలకీ మధ్య చాలాసార్లు ఐదారు కిలోమీటర్ల దూరం కూడా ఉండదు, అదే నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది. చిన్న మెషిన్ షాపు నడుపుతూ, పక్క షెడ్లవాళ్లతో కలిసి కొన్నేళ్లుగా ఈ పని మీదే తిరుగుతున్నాను కాబట్టి ఏది పనికొచ్చిందో, ఏది దండగైందో వరసగా రాస్తున్నాను. మీరు యూనిట్ నడిపేవాళ్లయినా, ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో పాఠం చెప్పేవాళ్లయినా, ఇండస్ట్రియల్ ఏరియా అసోసియేషన్‌లో బాధ్యత ఉన్నవాళ్లయినా ఇది మీ కోసమే. నా ఉదాహరణలు మెషిన్ షాపువి. మీది మందుల ప్యాకింగ్ అయినా, గార్మెంట్స్ అయినా, రైస్ మిల్లు మెయింటెనెన్స్ అయినా వరస మాత్రం ఇదే.

మొదటి పని: ఏం చేయడం రావాలో రాసుకోండి

"ఇద్దరు ఫిట్టర్లు, నలుగురు సీఎన్‌సీ ఆపరేటర్లు కావాలి" అని (సీఎన్‌సీ అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మెషిన్) రాసిస్తే ఐటీఐవాళ్లు దాన్ని ఏం చేసుకుంటారు? వాళ్ల దగ్గర ఫిట్టర్ ట్రేడ్ ఇప్పటికే ఉంది, పిల్లలు సర్టిఫికెట్ తీసుకుని బయటికి వస్తూనే ఉన్నారు. మీకు కావలసింది అందులో ఏది తక్కువైందో చెప్పాలి. దానికి ఆఫీసు గదిలో కూర్చుంటే సరిపోదు, మీ ఫోర్‌మన్‌ని పిలిచి, గత ఆరు నెలల రిజెక్షన్ రిజిస్టర్ ముందు పెట్టుకుని, కొత్తగా చేరిన కుర్రాళ్ల చేతిలో ఏ జాబ్ (అంటే మెషిన్ మీద చేసే పీస్) ఎందుకు పాడైందో ఒక్కొక్కటీ అడిగి రాసుకోండి.

మేం ఇది చేసినప్పుడు తేలింది చెబుతాను. మాకు సీఎన్‌సీ ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లు కావాలని నేను అనుకుంటూ ఉండేవాణ్ణి. ఫోర్‌మన్ చెప్పింది వేరు: "సార్, ప్రోగ్రామ్ నేను వేసిస్తా, కొలవడం వచ్చినోణ్ణి ఇవ్వండి చాలు." నిజంగానే సగానికి పైగా రిజెక్షన్లు కొలత దగ్గరే ఉన్నాయి. 20 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కి డ్రాయింగ్‌లో హెచ్6 అని ఉందంటే కొలతలో తేడా మొత్తం 13 మైక్రాన్ల లోపే ఉండాలి, మామూలు వెర్నియర్ లీస్ట్ కౌంట్, అంటే అది చూపగల అతి చిన్న కొలత, 0.02 మిల్లీమీటర్లు, అంటే 20 మైక్రాన్లు. వెర్నియర్ పట్టుకుని ఆ షాఫ్ట్ పాస్ అని చెప్పిన కుర్రాడు అబద్ధం చెప్పలేదు, ఏ కొలతకి ఏ సాధనం పట్టాలో అతనికి ఎవరూ చేతిలో పెట్టి చూపించలేదు. సిలబస్‌లో మాత్రం అది ఉంది.

అలా రాసుకుంటూ పోతే ఒక పేజీ తయారవుతుంది. డ్రాయింగ్ చూసి ఏ కొలత ముఖ్యమో చెప్పగలగాలి, మైక్రోమీటరు జీరో చూసుకుని వాడాలి, ఆఫ్‌సెట్ (మెషిన్‌లో టూల్ కొలత సవరణ) మార్చడం రావాలి, ఇన్సర్ట్ (లోహాన్ని కోసే టూల్ మొన) అరిగిందని చప్పుడును బట్టో ఫినిష్‌ని బట్టో గుర్తుపట్టాలి, పొరపాటు చేస్తే దాచకుండా వచ్చి చెప్పాలి. ఇలా పది, పన్నెండు వాక్యాలు చాలు. ఈ ఒక్క పేజీ ఉంటే తర్వాతి పనులన్నీ సులువు, ఇది లేకుండా మొదలుపెట్టినవి మధ్యలో ఆగిపోవడం నేను చాలా చూశాను.

రెండోది: ఒక్కరే వెళ్లకండి

పన్నెండు మంది పనిచేసే షెడ్డు ఒక్కటీ ఐటీఐ గడప తొక్కితే ఏడాదికి ఒక్క కుర్రాణ్ణో ఇద్దర్నో తీసుకోగలదు. దాని కోసం వాళ్లు బోధన మార్చరు, మార్చమని అడగడం కూడా న్యాయం కాదు. అదే రోడ్డులో ఉన్న ఎనిమిది యూనిట్లు కలిస్తే పదిహేను మంది అవుతారు, అప్పుడు ప్రిన్సిపాల్ కుర్చీ ముందుకు జరుపుకుని వింటారు.

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టంలోనే, కొందరు యజమానులు కలిసి అప్రెంటిస్‌లను ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కి మారుస్తూ శిక్షణ ఇవ్వడానికి వీలు కల్పించారు. అంటే మీ దగ్గర లేత్, మిల్లింగ్ ఉండి గ్రైండింగ్ పక్కవాళ్ల దగ్గర ఉంటే, కుర్రాడు నాలుగు నెలలు మీ దగ్గర, రెండు నెలలు వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. చిన్న యూనిట్లకి ఇది పెద్ద వరం. ఎందుకంటే అన్ని మెషిన్లూ ఒక్క షెడ్డులో ఎవరికీ ఉండవు.

కలిసేటప్పుడు ఒక మాట గట్టిగా అనుకోవాలి: శిక్షణలో ఉన్న కుర్రాణ్ణి వెయ్యి రూపాయలు ఎక్కువిస్తానని పక్కవాడు మధ్యలో లాక్కోకూడదు. శిక్షణ అయ్యాక ఎక్కడ చేరతాడన్నది అతని ఇష్టం. ఇది నోటిమాటగా వదిలేస్తే మొదటి ఏడాదే గొడవ వస్తుంది, మాకు వచ్చింది కూడా. కాగితం మీద రాసుకుని అందరూ సంతకాలు పెట్టండి. మీ ఏరియాలో ఐలా (పారిశ్రామిక ప్రాంత స్థానిక సంస్థ) ఉంటే ఆ ఆఫీసులోనే మీటింగ్ పెట్టుకోవచ్చు, జిల్లా పరిశ్రమల కేంద్రం జనరల్ మేనేజర్ గారిని ఒకసారి పిలిస్తే మిగతా యూనిట్లవాళ్లు కూడా వస్తారు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఏటీఓ గారితో కూర్చోండి

ఏటీఓ అంటే ఐటీఐలో ట్రేడ్ నేర్పే అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మొత్తం వ్యవహారం తేలేది ఇక్కడే.

మేం మొదటిసారి ఒక కాలేజీతో ఎంఓయూ (ఒప్పంద పత్రం) చేసుకున్నాం. హాలు, శాలువాలు, ఫొటోలు, పేపర్లో వార్త అన్నీ అయ్యాయి. ఆ తర్వాత రెండేళ్లు ఒక్క విద్యార్థి మా షెడ్డు వైపు రాలేదు, మేమూ అటు వెళ్లలేదు. తప్పు వాళ్లదెంతో మాదీ అంతే. సంతకం పెట్టినవాళ్లకీ రోజూ పిల్లలకి పని నేర్పేవాళ్లకీ పరిచయమే లేదు. రెండోసారి వేరే ఐటీఐలో తిరగేసి మొదలుపెట్టాం. మా ఫోర్‌మన్‌ని వెంటబెట్టుకుని నేరుగా వర్క్‌షాప్‌లోకి వెళ్లి, ఆ ట్రేడ్ చూసే ఏటీఓ గారితో ఒక పూట గడిపాం. ఎంఓయూ ఏడు నెలల తర్వాత రాసుకున్నాం, అప్పటికి ఇరువైపులా ఎవరేం చేయగలరో తెలిసిపోయింది.

ఆ పూట ఏం చూడాలి? ఎన్ని మెషిన్లు ఉన్నాయన్నదానికన్నా ఎన్ని తిరుగుతున్నాయో చూడండి. టూల్ బిట్లు, ఇన్సర్ట్‌లు, రాడ్ ముక్కలు పిల్లలకి సరిపడా ఉన్నాయా అని అడగండి. చాలాచోట్ల లేత్ బాగానే ఉంటుంది, తిప్పడానికి మెటీరియలే ఉండదు, ముప్పై మంది బ్యాచ్‌లో ఒక్కొక్కడికి మెషిన్ మీద దొరికే సమయం చాలా తక్కువ. మన షెడ్లలో స్క్రాప్ కింద అమ్మేసే రాడ్ ముక్కలు, చిన్న చిప్పింగ్ వచ్చిందని పక్కన పడేసిన ఇన్సర్ట్‌లు వాళ్ల ప్రాక్టీసుకి బంగారం. మేం నెలకోసారి ఒక ఆటోలో పంపిస్తున్నాం, మాకు అయ్యే ఖర్చు ఆటో కిరాయే. పాడైన జాబ్‌లను కూడా వాటి డ్రాయింగ్‌లతో సహా ఇవ్వండి, "ఇది ఎందుకు రిజెక్ట్ అయిందో కొలిచి చెప్పండి" అని క్లాసులో పెడితే పుస్తకంలో పది పేజీలు చదివినదానికన్నా ఎక్కువ నేర్చుకుంటారు.

ఇక ఏటీఓ గారి సంగతి. ఆయన పదేళ్ల కిందట మంచి పనిమంతుడై ఉండొచ్చు, ఈ పదేళ్లలో ఏ కొత్త కంట్రోలర్ మీదా చేయి పెట్టే అవకాశం ఆయనకి దొరికి ఉండదు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. వేసవి సెలవుల్లో రెండు వారాలు మీ షెడ్డుకి రమ్మనండి. రాతపూర్వకంగా ప్రిన్సిపాల్ గారి ద్వారా, వీలైతే ఉపాధి శిక్షణ శాఖ అనుమతితో పిలవండి, రానుపోను ఖర్చులు మీరు పెట్టుకోండి, అతిథిలా కాకుండా ఒక మెషిన్ ఇచ్చి పని చేయనివ్వండి. మా ఫోర్‌మన్ చదివింది పదో తరగతే, ఏటీఓ గారు డిప్లొమా. మొదటి రెండు రోజులు ఇద్దరికీ మొహమాటం. మూడో రోజు నుంచి ఒకరిది చేతి అనుభవం, ఇంకొకరిది లెక్క, రెండూ కలిశాయి. ఆ ఏడాది నుంచి ఆ బ్యాచ్ పిల్లల పని చూస్తేనే తేడా తెలిసింది. ఇంకాస్త లోతుగా నేర్చుకోవాలంటే హైదరాబాద్‌వాళ్లకి బాలానగర్‌లోనే 1968 నుంచి ఉన్న సీఐటీడీ (కేంద్ర టూల్ డిజైన్ సంస్థ) ఉంది, అక్కడ టూల్ డిజైన్, క్యాడ్-క్యామ్, సీఎన్‌సీ మీద చిన్న కోర్సులు నడుస్తుంటాయి, మీ గ్రూపు తరఫున ఇన్‌స్ట్రక్టర్ ఫీజు కట్టి పంపడం నేను చూసిన ఖర్చుల్లో అన్నిటికన్నా ఫలితం ఇచ్చిన ఖర్చు.

తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024 జూన్‌లో మల్లేపల్లిలో మొదలైంది, 2,324 కోట్ల ప్రాజెక్టు అది. కేంద్రం కూడా 2025లో ఐటీఐల కోసం 60,000 కోట్ల పథకం ఆమోదించింది, అందులో 10,000 కోట్లు పరిశ్రమల వాటాగా పెట్టారు. మీ దగ్గరి ఐటీఐకి కొత్త మెషిన్లు వచ్చి ఉంటే చాలా సంతోషం, అప్పుడు మీ ఫోర్‌మన్ అక్కడికి వెళ్లాల్సిన అవసరం ఇంకా పెరిగిందని అర్థం. రోబో వచ్చింది కదా అని కొలత దానంతట అది రాదు.

నాలుగోది: ఏ దారిలో తీసుకోవాలి

దారులు నాలుగున్నాయి, మీ అవసరాన్ని బట్టి ఎంచుకోండి.

అప్రెంటిస్‌షిప్ అందరికీ తెలిసిందే. 30 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి, 4 నుంచి 29 మంది ఉన్నవాళ్లకి అది ఇష్టం మీద. 2019 రూల్స్‌లో పది పాసైనవాళ్లకి నెలకి కనీసం 6,000, ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి 7,000, డిప్లొమావాళ్లకి 8,000, డిగ్రీవాళ్లకి 9,000 అని పెట్టారు. ఈ రేట్లు సవరిస్తుంటారు కాబట్టి కాంట్రాక్టు వేసే రోజు అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఉన్నదే చూసుకోండి. నాప్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం) కింద స్టైపెండ్‌లో 25 శాతం, గరిష్ఠంగా 1,500 రూపాయలు కేంద్రం ఇస్తుంది, 2023 నుంచి అది నేరుగా కుర్రాడి బ్యాంకు ఖాతాలో పడుతోంది. అందుకే చేరిన రోజే ఆధార్, బ్యాంకు ఖాతా లింక్ అయ్యాయో లేదో చూడండి, అక్కడ పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా నెలల తరబడి డబ్బు ఆగిపోతుంది, పాపం కుర్రాడు మీరే ఇవ్వలేదనుకుంటాడు. డిప్లొమా, డిగ్రీవాళ్లకైతే నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) అని ఇంకోటి ఉంది, మన దక్షిణాది రాష్ట్రాలకి దాని ఆఫీసు చెన్నైలో.

రెండో దారి డ్యుయల్ సిస్టమ్, దీన్ని మనవాళ్లు చాలా తక్కువ వాడుకుంటున్నారు. ఇందులో పిల్లవాడు ఐటీఐలో చదువుతూ ఉండగానే కొన్ని నెలలు మీ దగ్గర ప్రాక్టికల్ చేస్తాడు, ఏడాది ట్రేడుకి మూడు నుంచి ఆరు నెలలు, రెండేళ్ల ట్రేడుకి ఆరు నుంచి పన్నెండు నెలలు. ఐటీఐకీ మీకూ మధ్య ఒప్పందం ఉండాలి. నా అభిప్రాయంలో చేతిపని ఎక్కువ ఉన్న యూనిట్లకి ఇదే మేలు, ఎందుకంటే తప్పు అలవాట్లు పడకముందే కుర్రాడు మీ ఫోర్‌మన్ కంటి కింద ఉంటాడు. మూడోది పాలిటెక్నిక్ డిప్లొమాలో ఉండే ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్, దాన్ని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి పంపించేసే తంతుగా మార్చకండి, అడిగినా సరే పెట్టకండి.

నాలుగోది ఐఎంసీ. 2007-08లో మొదలైన పథకం కింద దేశంలో వెయ్యికి పైగా ప్రభుత్వ ఐటీఐలకి రెండున్నర కోట్ల దాకా వడ్డీ లేని అప్పు ఇచ్చి, ఒక్కోదానికి ఇన్‌స్టిట్యూట్ మేనేజ్‌మెంట్ కమిటీ పెట్టి, పరిశ్రమ వ్యక్తిని చైర్మన్‌గా కూర్చోబెట్టారు. మీ ఐటీఐలో ఆ కమిటీ ఉందా, చివరి మీటింగ్ ఎప్పుడైంది అని అడగండి. నిద్రపోతూ ఉంటే మీ గ్రూపు నుంచి ఒకరిని సభ్యుడిగా తీసుకోమని అడగండి, బడ్జెట్ దేనికి ఖర్చు పెట్టాలో మాట చెప్పగలిగే చోటు అది.

ఐదోది: కుర్రాడు షెడ్డులో అడుగుపెట్టాక

మొదటి నెల ప్రొడక్షన్ లెక్కలో అతన్ని వేయొద్దు. టీలు తెప్పించడం, ఊడ్పించడం, లోడింగ్‌కి పంపడం అసలే వద్దు, వారం రోజులు అలా చేస్తే ఎనిమిదో రోజు రాడు, వచ్చి ఊళ్లో చెప్పే మాటకి వచ్చే ఏడాది ఎవరూ రారు. ఒక మెషిన్, ఒక పెద్దమనిషి, ఒక నోట్‌బుక్. ఆ పెద్దమనిషికి నేర్పినందుకు నెలకి కొంత అదనంగా ఇవ్వండి, లేకపోతే తన ఓటీ (ఓవర్‌టైమ్ డబ్బు) పోతుందనో, రేపు తన చోటు పోతుందనో అతను పని దాచుకుంటాడు. నోట్‌బుక్‌లో రోజూ ఏం చేశాడో కుర్రాడే రాయాలి, వారానికోసారి ఫోర్‌మన్ చూసి సంతకం పెట్టాలి, నెలకోసారి ఏటీఓ గారు వచ్చి చూడాలి. మొదట రాసుకున్న పేజీ ఉంది కదా, అందులో ఎన్ని వాక్యాల ముందు టిక్ పడిందో అదే ప్రోగ్రెస్ రిపోర్ట్.

సేఫ్టీ గురించి ఒక్క మాట కూడా తేలిగ్గా తీసుకోకండి. ప్రమాదకర పనుల్లో 18 ఏళ్లు నిండనివాళ్లని పెట్టకూడదు. శిక్షణలో దెబ్బ తగిలితే పరిహారం బాధ్యత చట్టప్రకారం యజమానిదే. లేత్ దగ్గర వదులు చొక్కా, చేతి కడియం, గ్లౌజులు వేసుకుని జాబ్ తుడవడం, ఇవి మూడూ మొదటి రోజే ఆపించండి. కుర్రాళ్లు చేతికి కట్టుకునే దారాలు తీయమంటే బాధపడతారు, ఎందుకో కూర్చోబెట్టి చెప్పండి, వింటారు. నైట్ షిఫ్ట్‌లో వేయకండి.

ఆరోది: ఇంట్లోవాళ్లు

పిల్లలు మానేసేది పని కష్టమై కాదు, చాలాసార్లు ఇంట్లోవాళ్ల మాట మీద. ఐటీఐ అంటే చదువు అబ్బనివాళ్లు వెళ్లేదని, కొడుకు బీటెక్ చేస్తేనే సంబంధాలు వస్తాయని తల్లిదండ్రులు నమ్ముతున్నారు. మనం లెక్చర్ ఇస్తే ఆ నమ్మకం పోదు. ఏడాదికి ఒక ఆదివారం షెడ్డు శుభ్రం చేసి వాళ్లని పిలిచి, భోజనం పెట్టి, వాళ్ల పిల్లాడి చేత ఒక పీస్ తయారు చేయించి వాళ్ల చేతిలో పెట్టించండి. ఐదేళ్ల కిందట చేరి ఇప్పుడు సెట్టర్ (పనికి మెషిన్‌ని సిద్ధం చేసేవాడు) అయిన కుర్రాడి చేత తన జీతం ఎంతో వాళ్ల ముందే చెప్పించండి. మేం చేసిన మొదటి ఆదివారం ఒక తల్లి ఆ షాఫ్ట్ ముక్కని కొంగులో చుట్టుకుని తీసుకెళ్లింది, ఆ అబ్బాయి ఇంకా మా దగ్గరే ఉన్నాడు.

అమ్మాయిల విషయంలో మన ఇంజనీరింగ్ షెడ్లు చాలా వెనకబడ్డాయి. అచ్యుతాపురం దగ్గర బ్రాండిక్స్ అపారెల్ సిటీకి చుట్టుపక్కల పల్లెల నుంచి వేలమంది ఆడవాళ్లు రోజూ వచ్చి పనిచేసి వెళ్తున్నారు, అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు? శుభ్రమైన టాయిలెట్, తలుపుకి గడియ, సాయంత్రం ఆరుకల్లా బస్టాప్ దాకా బండి, పక్కన ఇంకో ఇద్దరు అమ్మాయిలు. ఒక్క అమ్మాయినే తీసుకోకండి, ముగ్గుర్ని ఒకేసారి తీసుకోండి. ఎనిమిది యూనిట్లు కలిస్తే ఒక మినీ బస్సు ఖర్చు ఒక్కొక్కరికి భారం కాదు. నర్సాపూర్ నుంచో మేడ్చల్ అవతల పల్లెల నుంచో వచ్చే పిల్లలకి రాకపోకలే అసలు సమస్య, స్టైపెండ్‌లో పెద్ద ముక్క దానికే పోతే రెండో నెల మానేస్తారు.

ఏడోది: లెక్క రాయండి, జీతం మెట్లు ముందే చెప్పండి

ఎంతమంది చేరారు, ఆరు నెలలకి ఎంతమంది ఉన్నారు, ఏడాదికి ఎంతమంది, మానేసినవాళ్లు ఎందుకు మానేశారు. ఈ నాలుగు లెక్కలు చాలు. మానేసినవాడికి నెల తర్వాత ఫోన్ చేసి అడగండి, అప్పుడే నిజం చెబుతాడు. మూడు నెలలకోసారి ఈ లెక్క పట్టుకుని ఎనిమిది యూనిట్లవాళ్లూ, ఏటీఓ గారూ, ప్రిన్సిపాల్ గారూ ఒక గంట కూర్చోండి, గంట దాటనివ్వకండి.

జీతం మాట దాచొద్దు. శిక్షణ అయ్యాక ఎంత, రెండేళ్లకి సెట్టింగ్ వస్తే ఎంత, డ్రాయింగ్ చూసి సొంతంగా ప్రోగ్రామ్ వేస్తే ఎంత, ఇది షెడ్డు గోడ మీద రాసి ఉండాలి. కుర్రాడు పక్క యూనిట్‌కి వెళ్లిపోతే కోపం రావడం సహజం, నాకూ వచ్చేది. కానీ అదే ఏడాది పక్కవాళ్ల దగ్గర గ్రైండింగ్ నేర్చుకున్న కుర్రాడు మా దగ్గరికి వచ్చాడు. పనిమంతుడు జిల్లా దాటి పోకుండా ఉంటే చాలు, ఈ ఎనిమిది షెడ్లలో ఎక్కడున్నా మనకి అందుబాటులోనే ఉంటాడు.

మొదటిసారి ఐటీఐకి వెళ్లేటప్పుడు చేతిలో ఏం ఉండాలో చెప్పి ఆపేస్తాను: ఫోర్‌మన్‌తో రాయించిన ఆ ఒక్క పేజీ, రిజెక్ట్ అయిన రెండు జాబ్‌లు, వాటి డ్రాయింగ్‌లు, కలిసి వచ్చే యూనిట్ల పేర్లూ ఒక్కొక్కరు ఎంతమందిని తీసుకుంటారో ఆ సంఖ్యా. అడ్మిషన్లు, పరీక్షల హడావిడి లేని రోజు చూసుకుని, మధ్యాహ్నం రెండింటికి, ప్రాక్టికల్ క్లాస్ నడుస్తుండగా వెళ్లండి.